నాలుగు మూలల్లో సేఫ్ మోడ్

మొన్న ఆషాఢంలో మా ఇంటి కంప్యూటర్ దాదాపు ఒక రోజంతా సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ కనీస అవసరాలతో మాత్రమే తెరుచుకునే స్థితిలో, చిక్కుకుపోయింది. అందులోంచి దానిని బయటికి తెచ్చిన తీరును కాస్త వివరంగానే రాసి పెట్టుకుందామనుకుంటున్నాను. అందుకు కారణం నా ప్రావీణ్యం కాదు. ఆ ఒక్క రోజులో నేను ఎన్ని తప్పులు చేశానో, వాటిలో ఎన్ని నాలాంటి వాళ్ళందరూ చేసేవో ఆ తరువాత తెలిసింది. అసలు యంత్రం చెడిపోనే లేదు. నా చేత్తో నేను పెట్టిన ఒక టిక్కును నేనే తీయలేదు. దానికి ఒకరు ఫార్మాట్ కొట్టాలన్నారు, ఇంకొకరు హార్డ్ డిస్క్ పోయిందన్నారు.

నేను విద్యానగర్‌లో ఇంట్లోనే డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి పేజీలు తీర్చే పని చేస్తాను. ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గరే కనుక పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాలను తెచ్చి ఇస్తూ ఉంటారు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఒక లేజర్ ప్రింటర్, వీటన్నిటినీ మోసే డెస్క్‌టాప్ ఒకటి, ఇదే నా దుకాణం. ఆ డెస్క్‌టాప్‌ను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో భాగాలు విడివిడిగా కొని జత చేయించుకున్నాను. అందులో విండోస్ 10 ఉంది. అప్‌డేట్ అడిగినప్పుడల్లా ‘తరువాత’ అని నొక్కుతూ రావడం వల్ల అది విండోస్ 10లోనూ బాగా పాత రూపమే. ఈ సంగతి కథలో మళ్ళీ వస్తుంది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

ఇబ్బందికి మూలం కూడా నేనే. తెర, ప్రింటర్ లాంటి భాగాలను విండోస్‌తో కలిపి పనిచేయించే చిన్న ప్రోగ్రాములను డ్రైవర్లంటారు. మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, ఒక్క నొక్కుతో కొత్తవి చేస్తానంటూ తెర మీద ఊరించే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో కనిపిస్తే, పని లేని మధ్యాహ్నం దాన్ని దించుకుని నడిపించాను. అది మిగతా డ్రైవర్లను ఏం చేసిందో గాని, తెరను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మాత్రం మార్చేసింది. అప్పటి నుంచి తెర రెండు మూడు క్షణాలకోసారి నల్లబడి మళ్ళీ వెలుగుతూ, పాత ట్యూబ్‌లైట్ లాగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ వెలుగూ చీకట్ల మధ్య మౌస్‌ను ఒక చోట నిలపడమే కష్టమయింది. మరో రెండు రోజుల్లో ఒక అమ్మాయి సిద్ధాంత గ్రంథం ప్రింటు తీసి బైండింగ్‌కు ఇవ్వాలి.

కూకట్‌పల్లిలో ఉండే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు ఏదో మీటింగ్‌లోకి వెళ్ళే తొందరలో ఉన్నాడు. ‘‘మామయ్యా, విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టండి. బూట్ అనే ట్యాబ్‌లో సేఫ్ బూట్ ఉంటుంది, టిక్కు పెట్టి రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ సంగతి తరువాత నేను చెబుతాను’’ అన్నాడు. చెప్పినట్టే చేశాను. వాడి ‘తరువాత’ వచ్చేసరికి మరుసటి రోజు మధ్యాహ్నం అయింది.

సేఫ్ మోడ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. మన పెద్దలు ‘లంఖణం పరమౌషధం’ అన్నట్టుగా, విండోస్ తనకు తాను పెట్టుకునే పథ్యం అది. మామూలుగా తెరుచుకున్నప్పుడు విండోస్ తనతో పాటు మనం ఎక్కించిన ప్రోగ్రాములు తెర వెనక నడిపే సేవలను, రకరకాల డ్రైవర్లను, తెరుచుకోగానే వాటంతట అవే మొదలయ్యే చిన్నాచితకా ప్రోగ్రాములను అన్నిటినీ మోసుకుని వస్తుంది. సేఫ్ మోడ్‌లో అలా కాదు. విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో సేఫ్‌బూట్ అనే పేరు కింద మినిమల్ అని, నెట్‌వర్క్ అని రెండు జాబితాలు ఉంటాయి. మనం ఎంచుకున్న దానిని బట్టి ఆ జాబితాలో పేరున్న డ్రైవర్లు, సేవలు మాత్రమే లోపలికి వస్తాయి, మిగిలినవన్నీ గుమ్మం బయటే నిలబడతాయి. గ్రాఫిక్స్ కార్డు తయారీదారు ఇచ్చిన డ్రైవర్ స్థానంలో మైక్రోసాఫ్ట్ వారి సాదా డ్రైవర్ ఒకటి తెరను నడుపుతుంది. అందుకే నా తెర కొట్టుకోవడం ఆగింది. అదే కారణం చేత శబ్దం వినిపించదు, మినిమల్ అయితే ఇంటర్నెట్ ఉండదు, ప్రింటు కూడా రాదు. నాకు అన్నిటికంటే నొప్పి కలిగించింది ఆఖరిదే. ప్రింటు ఆదేశాలను వరుసలో పెట్టి ప్రింటర్‌కు అందించే స్పూలర్ సేవకు ఆ జాబితాలో చోటు లేదు కాబట్టి, ప్రింటర్ పక్కనే పచ్చ దీపంతో వెలుగుతున్నా, సేఫ్ మోడ్‌లోని కంప్యూటర్‌కు అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అయితే ఆ బాధ కూడా లోపలికి వెళ్ళిన తరువాతి మాట. ఆ సాయంత్రం నేను లోపలికి వెళ్ళనే లేదు. రీస్టార్ట్ అయి లాగిన్ తెర వచ్చాక, రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొడితే, ఏదో జరిగిందని, మీ పిన్ ఇప్పుడు అందుబాటులో లేదని, మళ్ళీ కొత్తగా పెట్టుకోవడానికి ఇక్కడ నొక్కండని చెప్పింది. నొక్కితే దానికి ఇంటర్నెట్ కావాలట. సేఫ్ మోడ్‌లో ఇంటర్నెట్ లేదు. రీస్టార్ట్ చేశాను, మళ్ళీ అదే తెర, అదే మాట. స్విచ్ ఆపి, పది నిమిషాలాగి వేశాను. మళ్ళీ అదే. సేఫ్ మోడ్ పోవాలంటే లోపలికి వెళ్ళి టిక్కు తీయాలి, లోపలికి వెళ్ళాలంటే పిన్ పనిచేయాలి, పిన్ పనిచేయాలంటే సేఫ్ మోడ్ పోవాలి. తాళంచెవిని లోపల పెట్టి తలుపు వేసుకున్న వాడి గతి నాది.

ఈ చిక్కుముడి నా ఒక్కడిది కాదని తరువాత తెలిసింది. విండోస్ 10 పాత రూపాల్లో సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేసేది కాదు. 2020లో వచ్చిన 2004 అనే సంఖ్య గల రూపం నుంచి మాత్రమే మైక్రోసాఫ్ట్ ఆ సౌకర్యం కల్పించింది. ఆ 2004 అనేది సంవత్సరం కాదు, 2020 నాలుగో నెలను సూచించే సంఖ్య. నాది దాని కంటే ముందుది. మీది ఏదో తెలుసుకోవాలంటే, విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో విన్‌వెర్ అని కొడితే ఒక చిన్న కిటికీలో కనిపిస్తుంది. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కనుక ఈ సలహా ఎందరికి అవసరమో అనుమానమే గాని, నాలాగా పాత యంత్రాలతోనే నెట్టుకొస్తున్న డీటీపీ వాళ్ళు చిక్కడపల్లిలోనూ నల్లకుంటలోనూ ఇంకా చాలామందే ఉన్నారు.

మరుసటి రోజు పొద్దున, వీధిలో మైకులో అమ్మవారి పాటలు మోగుతుండగా, సీపీయూ డబ్బాను చంకన పెట్టుకుని దగ్గరలోని ఒక రిపేరు దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు దాన్ని తెరకు తగిలించి, ఒకసారి ఆన్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, ‘‘ఓఎస్ కరప్ట్ అయింది సార్, ఫార్మాట్ కొట్టాల్సిందే. 800 అవుతుంది. డేటా కావాలంటే దానికి వేరే’’ అన్నాడు. అతని పక్కన కూర్చున్న పెద్దమనిషి, హార్డ్ డిస్క్ కూడా పోయి ఉండవచ్చని, కొత్తది వేయించుకుంటే వేగం పెరుగుతుందని కలిపాడు. నిన్న సాయంత్రం సేఫ్ బూట్‌కు టిక్కు పెట్టానని, అప్పటి నుంచే ఇలా ఉందని నేను చెబితే ఇద్దరూ విన్నట్టే తల ఊపారు గాని, దాని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. రోజుకు పది యంత్రాలు వచ్చే చోట, ఒక్కొక్కదాని జబ్బు వెతకడం కంటే అన్నిటికీ ఒకే మందు వేయడం తేలిక. కానీ ఫార్మాట్ అంటే నాకు ఏమిటో అతనికి తెలియదు. పేజ్‌మేకర్ సీడీ ఎక్కడుందో నాకే తెలియదు. ఫాంట్లు ఎన్నో ఏళ్ళుగా ఒకటొకటిగా చేరినవి. అన్నిటినీ మించి ఆ అమ్మాయి సిద్ధాంత గ్రంథం డెస్క్‌టాప్ మీదే, అంటే ఫార్మాట్‌లో మొదట తుడిచిపెట్టుకుపోయే సీ డ్రైవ్‌లోనే ఉంది. డబ్బాను మళ్ళీ చంకన పెట్టుకుని వచ్చేశాను.

దారిలో నాకు తట్టిన ఆలోచనే ఈ మొత్తం వ్యవహారంలో పనికొచ్చింది. యంత్రం ప్రతిసారీ తప్పకుండా, ఏమాత్రం తడబడకుండా సేఫ్ మోడ్‌లోకే వెళుతోంది. చెడిపోయిన వస్తువు ఇంత క్రమశిక్షణతో ఉండదు. ఒకసారి ఇలా, ఒకసారి అలా చేస్తుంది. ప్రతిసారీ ఒకే తీరుగా నడుచుకుంటోందంటే అది ఎవరో చెప్పిన మాటను పాటిస్తోందన్నమాట. చెప్పింది నేనే.

వెనకటి రోజుల్లో ఇలా అనుకోవడానికి వీలుండేది కాదు. విండోస్ 95, 98 కాలంలో కంప్యూటర్ ఒకసారి సరిగ్గా తెరుచుకోకపోతే, తరువాతిసారి దానంతట అదే సేఫ్ మోడ్‌ను ముందుకు తెచ్చేది. ఎక్స్‌పీ వచ్చాక, ముందుసారి సరిగ్గా మొదలు కాలేకపోయానని క్షమాపణ చెప్పుకుని, సేఫ్ మోడ్‌లోకి వెళతారా, మామూలుగా వెళతారా అని నల్లతెర మీద అడిగేది. ఆ రోజుల్లో కంప్యూటర్ ఆన్ కాగానే ఎఫ్8 మీటను టకటకా నొక్కడం ప్రతి ఇంట్లోనూ ఒక విద్య. విండోస్ 8 నుంచి యంత్రం ఎంత వేగంగా తెరుచుకోవడం మొదలుపెట్టిందంటే, ఆ మీటను గుర్తించడానికి దానికి మిగిలిన సమయం 200 మిల్లీసెకన్ల లోపే అయింది. దాంతో ఎఫ్8ను మామూలుగా పనిచేయకుండా చేసి, వేరే దారులు పెట్టారు. ఇప్పటి విండోస్ వరుసగా రెండుసార్లు తెరుచుకోలేకపోతే సేఫ్ మోడ్‌కు కాదు, ఆటోమేటిక్ రిపేర్ అనే నీలి తెరకు వెళుతుంది. మా వీధిలో వానాకాలంలో కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు, యూపీఎస్ బ్యాటరీ నీరసించిన ఇళ్ళలో, ఆ నీలి తెర తరచుగా చూస్తూనే ఉంటాం. కనుక ఈ కాలంలో కంప్యూటర్ రోజూ సేఫ్ మోడ్‌లోనే తెరుచుకుంటోందంటే, అది తనంతట తాను వెళ్ళినది కాదు, పంపితే వెళ్ళినది అని మొదట అనుమానించవచ్చు.

పంపడంలోనూ రెండు తీరులున్నాయి. ఈ తేడా తెలిసి ఉంటే నాకు ఆ రోజంతా మిగిలేది. షిఫ్ట్ మీటను పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే ఒక నీలి తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, దాని లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని లోపల స్టార్టప్ సెట్టింగ్స్ అని దిగి, రీస్టార్ట్ చేస్తే, అంకెలు వేసిన ఒక పట్టిక కనిపిస్తుంది. అక్కడ 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో కూడిన సేఫ్ మోడ్, 6 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్‌తో, అంటే ఆదేశాలను అక్షరాల్లో కొట్టే కిటికీతో కూడిన సేఫ్ మోడ్. ఇలా వెళ్ళిన సేఫ్ మోడ్ ఆ ఒక్కసారికే. పని అయ్యాక మామూలుగా రీస్టార్ట్ చేస్తే మామూలు విండోస్ వచ్చేస్తుంది, తీయవలసింది ఏమీ ఉండదు. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్కు పెట్టడం అలాంటిది కాదు. విండోస్ తెరుచుకోబోయే ముందు యంత్రం చదివే బూట్ పట్టికలో ఆ టిక్కు ఒక పంక్తిగా రాయబడుతుంది. ఎవరో చెరిపేదాకా ఆ పంక్తి అక్కడే ఉంటుంది, స్విచ్ ఎన్నిసార్లు ఆపి వేసినా అక్కడే ఉంటుంది. మొదటిది ఒక పూట లంఖణం, రెండోది వైద్యుడు వచ్చి విడిపించేదాకా సాగే పథ్యం. మా మేనల్లుడు ఫోన్‌లో తేలికగా ఉంటుందని రెండో దారి చెప్పాడు. నిజమే, చెప్పడానికి అదే తేలిక.

మధ్యాహ్నం వాడు ఫోన్ చేసినప్పుడు, పిన్ తీసుకోవడం లేదన్న మాట విని, ‘‘అయ్యో మామయ్యా, పాస్‌వర్డ్ ఏమయింది? పిన్ కంటే ముందు మీకు పాస్‌వర్డ్ పెట్టాను కదా’’ అన్నాడు. పిన్ కొట్టే పెట్టె కింద సైన్ ఇన్ ఆప్షన్స్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని మీద నొక్కితే తాళంచెవి బొమ్మ ఒకటి కనిపిస్తుంది. అది పాస్‌వర్డ్‌తో వెళ్ళే దారి, సేఫ్ మోడ్‌లోనూ తెరిచే ఉంటుంది. నిన్నటి నుంచి ఆ అక్షరాలు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఇక పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడమే తరువాయి. మూడేళ్ళ కిందట పెట్టిన మాట, ఆ తరువాత ఒక్కసారి కూడా కొట్టిన పాపాన పోలేదు. ఫోన్ నుంచి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుందామా అంటే, ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌కు ఆ మార్పు తెలిసే మార్గం లేదు, అది పాతదాన్నే అడుగుతుంది. చివరికి మా ఆవిడ పాల లెక్కల పుస్తకం వెనక అట్ట మీద, గ్యాస్ బుకింగ్ నంబర్ పక్కన, తన చేతివ్రాతలో అది దొరికింది. ‘‘ఆ రోజు మీరే రాసిపెట్టమన్నారు’’ అంది.

కొడితే తప్పు అంది. రెండోసారీ తప్పు అంది. పాస్‌వర్డ్ పెట్టెకు కుడి చివర కన్ను బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుంటే కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి. చూస్తే చివరి నాలుగంకెలు పడనే లేదు. కీబోర్డు కుడివైపు అంకెల గడులకు నమ్ లాక్ వెలగడం లేదు. దాన్ని వేసి మళ్ళీ కొట్టాను. నల్లటి తెర, నాలుగు మూలల్లో సేఫ్ మోడ్ అన్న అక్షరాలు, పైన నడిమధ్య విండోస్ సంఖ్య. ఇరవై నాలుగు గంటలు నన్ను ఏడిపించిన ఆ అక్షరాలను చూసి అంత సంతోషిస్తానని అనుకోలేదు.

లోపలికి వెళ్ళాక పని అరనిమిషం. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ ముందున్న టిక్కు తీసి, ఓకే నొక్కితే రీస్టార్ట్ చేయమంటారా అని అడుగుతుంది. అక్కడే, అదే ట్యాబ్‌లో కుడివైపు, బూట్ సెట్టింగులన్నిటినీ శాశ్వతం చేయమనే గడి మరొకటి ఉంటుంది. దాని జోలికి పోకూడదు. దాన్ని టిక్కు పెట్టి ఉంచితే, జనరల్ ట్యాబ్‌లో నార్మల్ స్టార్టప్ ఎంచుకుని మార్పులన్నిటినీ ఒకేసారి వెనక్కి తీసుకునే సౌకర్యం పోతుంది. అలాగే ఆ జనరల్ ట్యాబ్‌లోని డయాగ్నొస్టిక్ స్టార్టప్‌ను సేఫ్ మోడ్ అనుకునేవాళ్ళున్నారు, అది వేరే. టిక్కు తీశాక నార్మల్ స్టార్టప్ ఎదుట చుక్క ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

రీస్టార్ట్ చేశాను. మామూలు తెర, మామూలు రంగులు, పిన్ కూడా తీసుకుంది. ఆ తరువాత రెండు క్షణాలకు తెర నల్లబడి, వెలిగి, మళ్ళీ నల్లబడింది. సేఫ్ మోడ్‌లోంచి బయటపడాలన్న ఆత్రుతలో, అసలు సేఫ్ మోడ్‌లోకి ఎందుకు వెళ్ళానో మరిచిపోయాను. చెడ్డ డ్రైవర్ చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి, ‘‘మళ్ళీ మొదలయిందా?’’ అని అడిగింది.

ఈసారి మాత్రం ఎంఎస్‌కాన్ఫిగ్ వైపు చూడలేదు. లాగిన్ తెరకే తిరిగి వెళ్ళి, కుడివైపు కింద మూల ఉన్న పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేసి, నీలి తెర మెట్లన్నీ దిగి, 4 నొక్కాను. పాస్‌వర్డ్ ఇప్పుడు చేతిలో ఉంది. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్న కార్డు పేరు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. వెనకటి డ్రైవర్ మిగిలి లేకపోతే ఆ బటన్ బూడిద రంగులో, నొక్కడానికి వీలులేకుండా ఉంటుంది. అప్పుడు అదే ట్యాబ్‌లో కింద ఉన్న అన్‌ఇన్‌స్టాల్‌ను ఎంచుకుని, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించమనే గడికి టిక్కు పెట్టాలి. నాకు బటన్ నల్లగానే ఉంది. వెనక్కి మార్చి, మామూలుగా రీస్టార్ట్ చేశాను. ఏ టిక్కూ తీయకుండానే మామూలు విండోస్ వచ్చింది, తెర కూడా నిలకడగా నిలబడింది. ఆ ఉచిత ప్రోగ్రాంను తీసేయడం ఆ తరువాత చేసిన మొదటి పని. దాన్ని సేఫ్ మోడ్‌లోనే తీసేద్దామని ముందు ప్రయత్నించాను గాని, విండోస్ ఇన్‌స్టాలర్ సేవకు కూడా ఆ పథ్యపు జాబితాలో చోటు లేదు, అందుకని దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములు అక్కడ తొలగవు.

ఈ కథ అపార్ట్‌మెంటులో పాకి, పది రోజుల తరువాత పై అంతస్తులోని కుర్రవాడు తన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అతనిదీ ఎంఎస్‌కాన్ఫిగ్ టిక్కే గాని, నా కంటే ఒక మెట్టు పైన ఉంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళబోయి, లాగిన్ తెర రాకముందే మళ్ళీ మొదటికి వస్తోంది. అంటే లోపలికి వెళ్ళి టిక్కు తీసే అవకాశమే లేదు. రెండుసార్లు అలా తిరిగాక ఆటోమేటిక్ రిపేర్ నీలి తెర దానంతట అదే వచ్చింది, అది మాకు మేలే చేసింది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్. అక్కడ ల్యాప్‌టాప్ ముందుగా బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం, ఆ కీ దాని తాళంచెవి. అది 48 అంకెల సంఖ్య. డిస్క్‌కు బిట్‌లాకర్ వేసి ఉందన్న సంగతే ఆ కుర్రవాడికి తెలియదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన ఎన్నో ల్యాప్‌టాప్‌లలో అది మనం అడగకుండానే వేసి ఉంటుంది, కీ కూడా ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో ఖాతా తెరిచి, అతను ఆరేసి అంకెల చొప్పున చదువుతుంటే నేను కొట్టాను.

కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టవలసిన ఆదేశాన్ని మాటల్లో చెబుతాను. ముందు బీసీడీఎడిట్ అనే మాట, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, దానికి అంటించి డిలీట్‌వాల్యూ, ఒక ఖాళీ, మీసాల బ్రాకెట్లలో డిఫాల్ట్, ఒక ఖాళీ, చివర సేఫ్‌బూట్. నేను మొదట డిఫాల్ట్ స్థానంలో కరెంట్ అని కొట్టాను, ఎందుకంటే నేను చదివిన చోట అలాగే ఉంది. ‘ఆ అంశం దొరకలేదు’ అని ఇంగ్లీషులో జవాబు వచ్చింది. కాసేపు తల గోక్కున్నాక కారణం అర్థమయింది. కరెంట్ అంటే ఇప్పుడు నడుస్తున్న వ్యవస్థ. మామూలు విండోస్‌లోనో, సేఫ్ మోడ్‌లోనో కూర్చుని కొడితే కరెంట్ అంటే ఆ విండోసే. కానీ ఆ నీలి తెరలో నడుస్తున్నది విండోస్ కాదు, దానిని బాగుచేయడానికి వచ్చిన చిన్న వ్యవస్థ. ఆ కమాండ్ ప్రాంప్ట్ సీ డ్రైవ్‌లో కాకుండా ఎక్స్ అనే డ్రైవ్‌లో తెరుచుకోవడమే అందుకు గుర్తు. వైద్యుడికి పథ్యం లేదు కదా, తీయడానికి. రోగి పేరు డిఫాల్ట్. ఆ పేరుతో కొట్టేసరికి పని విజయవంతంగా పూర్తయిందన్న వాక్యం వచ్చింది. కిటికీ మూసి కంటిన్యూ నొక్కితే ల్యాప్‌టాప్ మామూలుగా తెరుచుకుంది. ఏ ఆదేశమూ కొట్టే ముందు ఉత్త బీసీడీఎడిట్ అని మాత్రం కొట్టి చూస్తే, పట్టికంతా కనిపిస్తుంది. విండోస్ బూట్ లోడర్ అన్న శీర్షిక కింద సేఫ్‌బూట్ మినిమల్ అనే పంక్తి ఉంటే టిక్కు ఉన్నట్టు, లేకపోతే మీ బాధ ఇంకేదో అయినట్టు. ఇదే ఆదేశాన్ని విండోస్‌లోని మరో ఆదేశాల కిటికీ అయిన పవర్‌షెల్‌లో కొట్టేవారు మాత్రం మీసాల బ్రాకెట్ల మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, లేకుంటే పవర్‌షెల్ దానికి వేరే అర్థం తీసుకుంటుంది.

ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ కింద ఆల్టర్నేట్ షెల్ అనేది ఎంచుకున్నవారికి, లోపలికి వెళ్ళాక డెస్క్‌టాప్, స్టార్ట్ బటన్ ఏవీ లేకుండా ఒక్క కమాండ్ ప్రాంప్ట్ కిటికీ మాత్రమే కనిపిస్తుంది. బెదరనక్కరలేదు. ఆ కిటికీలోనే ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొడితే అదే పెట్టె తెరుచుకుంటుంది.

సేఫ్ మోడ్ అన్న మాట మా ఊళ్ళో కంప్యూటర్ వాళ్ళు కానివాళ్ళ నోళ్ళలో కూడా నలిగిన రోజు ఒకటి ఉంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ యంత్రాలు, రిపేర్ తెర కాదు, విండోస్ కూలిపోయిందని చెప్పే మరో నీలి తెర చూపి నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలోనూ తిరిగింది. దానికి సూచించిన చికిత్స, యంత్రాన్ని సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్ళి ఆ సంస్థ ఫోల్డర్‌లోని ఒక ఫైలును చెరిపి మళ్ళీ మామూలుగా తెరవడం. సేఫ్ మోడ్‌లో ఆ భద్రతా డ్రైవర్ గుమ్మం బయటే ఉండిపోతుంది కాబట్టి యంత్రం నిలదొక్కుకునేది. అయితే నీలి తెర దగ్గర నిలిచిన యంత్రానికి దూరం నుంచి ఏమీ చెప్పలేరు కనుక, చాలా చోట్ల ఒక్కొక్క యంత్రం దగ్గరికీ మనిషి వెళ్ళవలసి వచ్చింది. బిట్‌లాకర్ వేసిన వాటికి ఆ 48 అంకెలు కొట్టవలసి వచ్చింది. ఒక్క ల్యాప్‌టాప్‌కు ఆ అంకెలు కొట్టేసరికే నా కళ్ళు తిరిగాయి.

ఎవరైనా ఫోన్‌లో మీకు ఎంఎస్‌కాన్ఫిగ్ దారి చెబితే, టిక్కు పెట్టకముందే పిన్ కాక పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకుని, బిట్‌లాకర్ కీ ఎక్కడుందో వెతుక్కుని, ఆ రెండూ కంప్యూటర్‌లో కాకుండా కాగితం మీద రాసుకోండి. లేదా, ‘వద్దు, షిఫ్ట్ పట్టుకుని వెళతాను’ అని చెప్పండి. మా మేనల్లుడితో ఇప్పుడు నేను అదే అంటున్నాను, వాడు నవ్వుతున్నాడు.

సిద్ధాంత గ్రంథం ఆ రాత్రే ప్రింటుకు పెట్టాను. 312 పేజీలు, నాలుగు ప్రతులు. రెండో ప్రతి మధ్యలో కాగితం ఇరుక్కుంది. దాని కోసం మాత్రం ఎవరికీ ఫోన్ చేయలేదు.